వంగే కడ్డీలు, వంగని బాలరాజ్

పొద్దున ఏడు గంటలకు రవళికి చీపురు దొరకలేదు. కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీలో ఏడో అంతస్తులోని ఆ ఇల్లు అంత పెద్దదేం కాదు. వంటిల్లు చూసింది, బాల్కనీ చూసింది, తలుపుల వెనకాల చూసింది. చివరికి చీపురు మంచం మీద, అత్త మల్లవ్వ ఒళ్ళో కనబడింది. మల్లవ్వ అందులోంచి పొడుగాటి పుల్ల ఒకటి ఏరి, మనవరాలి ఎడమకాలికి ఉన్న పిండికట్టులోకి దూర్చి నెమ్మదిగా గోకుతోంది.

"ఇంక జెర కిందికి నానమ్మా... ఆఁ, గాడనే, గాడనే!" అంటోంది పన్నెండేళ్ళ స్నిగ్ధ, కళ్ళు రెండూ మూసుకుని.

"అత్తమ్మా! లోపల ఏం పెట్టొద్దని డాక్టరమ్మ జెప్పలేదా?"

"ఆమెకేందమ్మా, ఏసీల కూసోని జెప్తది. బొక్క ఇరిగిన నొప్పన్న ఓర్సుకోవచ్చు గని, గీ దురద ఓర్సుకోరాదు. పోయి నీ పని సూస్కో," అంది మల్లవ్వ, పుల్లను ఇంకో రెండంగుళాలు దింపుతూ.

ఎనిమిది రోజుల కింద స్నిగ్ధ కాలనీ వెనక రోడ్డు మీద రెండు చేతులూ వదిలేసి సైకిల్ తొక్కింది. చేతులు వదిలి తొక్కడం వచ్చింది గానీ, ఎదురుగా కుక్క వస్తే ఏం చేయాలో రాలేదు. మోకాలి కింది పెద్ద ఎముక సరిగ్గా మధ్యలో విరిగింది. సంగారెడ్డిలోని ఆస్పత్రికి తీసుకెళ్తే సరిచేసి పిండిపట్టి వేసి, వారం తర్వాత మళ్ళీ ఫోటో తీసి చూస్తామన్నారు. ఆ వారం ఈరోజుతో నిండింది.

"ఆటో వచ్చిందా?" అంటూ స్నానాల గదిలోంచి బయటికి వచ్చాడు బాలరాజ్. పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో టూల్ రూం పని ఆయనది. ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండా కోయడం, చెక్కడం, నునుపు చేయడం పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నాడు. ఆయన పనికి వంకపెట్టినవాళ్ళు లేరు. చిక్కల్లా ఆ పనితనం ఇంటికి కూడా రావడమే. బాలరాజ్ లెక్కలో లోకంలో రెండే రకాల వస్తువులు ఉంటాయి. గట్టివి, పనికిరానివి. చెక్క చపాతీ కర్ర విరిగిందని స్టీలుది చేసి తెచ్చాడు, దాని బరువు రెండు కిలోలు. బట్టలు ఆరేసుకునే స్టాండుకు గేదెను కట్టేయొచ్చు. వాళ్ళింటి స్టూలును ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జరపాలంటే పక్కింటివాళ్ళను పిలవాలి. "ఈయన చేసిన సామాను ఇరగదు, ఎత్తినోళ్ళ నడుమిరుగుతది," అని రవళి కనిపించిన వాళ్ళందరికీ చెబుతుంది. ఆ మాటను బాలరాజ్ పొగడ్తగానే తీసుకుంటాడు.

కింద ఆటో డ్రైవర్ జంగయ్య హారన్ కొట్టాడు. కూతుర్ని రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు బాలరాజ్. "లిఫ్ట్ దాకా నడుస్త డాడీ, ఒంటికాలు మీద!" అంటే, "నువ్వు నడువు, నేను సూస్త. మల్ల ఇంకో కాలు గూడ ఇరగ్గొట్టుకో," అని ముక్కు గిల్లాడు.

ఆస్పత్రిలో డాక్టర్ హరిచందన చూడటానికి కాలేజీ పిల్లలా ఉంటుంది. ఎక్స్‌రేను వెలుతురు పెట్టెకు తగిలించి కాసేపు చూసింది. అందరూ ఆమె మొహం చూశారు.

"పట్టి వేసిన రోజు ఎముక నిటారుగానే ఉంది. వాపు తగ్గాక పట్టి వదులై, లోపల ముక్కలు పక్కకు జరిగాయి. చూడండి, ఇదిగో ఈ వంకర."

మల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా పుల్ల తోని జరిగిందా బిడ్డా?"

"ఏ పుల్ల?" అంది డాక్టర్.

విషయం తెలిశాక ఆమె నవ్వు ఆపుకుంటూ, "పుల్లతో ఎముకలు జరగవమ్మా. కానీ పుండు పడుతుంది, మళ్ళీ పెట్టకండి. ఇలా జరగడం ఎవరి తప్పూ కాదు," అని, బాలరాజ్ వైపు తిరిగింది. "మళ్ళీ పట్టి వేసినా మళ్ళీ జరిగేలా ఉంది. ఎముక లోపల రెండు సన్నటి కడ్డీలు పెట్టేద్దాం. ఎముకను కోసి తెరవక్కర్లేదు. మోకాలి కింద అటొక చిన్న గాటు, ఇటొక చిన్న గాటు, అంతే."

బల్ల సొరుగులోంచి నమూనా కడ్డీ ఒకటి తీసి ఆయన చేతికిచ్చింది. అగరుబత్తి కంటే కాస్త లావు. అంతే. బాలరాజ్ దాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని కొద్దిగా నొక్కాడు. అది వంగింది. వదిలితే మళ్ళీ తిన్నగా అయింది. మళ్ళీ నొక్కాడు. ఆయన మొహం, నాసిరకం సరుకు వచ్చినప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎలా ఉంటుందో అలా అయింది.

"మేడం, ఇది వంగుతున్నది."

"అవును. వంగేవే పెడతాం పిల్లలకు."

"మా ఫ్యాక్టరీల ఒకాయనకు బండి మీదికెల్లి పడితే బొటనవేలంత లావు రాడ్ ఏసిండ్రు. గట్లాంటిది ఏయరాదా? పైసలు ఎక్కువైనా ఫరక్ లేదు."

"పైసల మాట కాదండీ. పెద్దవాళ్ళకు ఆ రాడ్ వేస్తాం. పిల్లలకు ఎందుకు వేయమంటే..." అని ఆమె చెబుతూనే ఉంది. ఆ చెప్పింది రవళి విన్నది, మల్లవ్వ కూడా విన్నది. బాలరాజ్ మాత్రం వినలేదు. ఆయన అప్పటికే వెలుతురు పెట్టె దగ్గర నిలబడి, కూతురి ఎముక లోపలి గొట్టం ఎంత వెడల్పుందో గోటితో కొలుస్తున్నాడు.

"ఎల్లుండి పొద్దున చేద్దాం. పాపను ఈరోజే చేర్పించండి," అంది డాక్టర్. "ఆలస్యం చేయకండి. పిల్లల ఎముక తొందరగా అతుకుతుంది. వంకరగా ఉంటే వంకరగానే అతుకుతుంది. అప్పుడు మళ్ళీ విరగ్గొట్టి సరిచేయాల్సి వస్తుంది. ఈ కాగితం మీద సంతకం పెట్టాలి."

"రేపు పెడ్త," అన్నాడు బాలరాజ్. కూతుర్ని వార్డులో చేర్పించి, ఎక్స్‌రేను కవర్లో పెట్టి చంకలో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం టూల్ రూంలో ఫోర్‌మన్ యాదన్న ఆ ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. పక్కన బాలరాజ్ మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది తమ్మీ, పిల్ల కాలును కొలుస్తున్నవా?"

"నా బిడ్డ కాలుల అగరుబత్తి పుల్లలు పెడ్తరట అన్నా. వేలితోటి నొక్కితే వంగినయి. నడిచే పిల్ల, దునికే పిల్ల. ఏం ఆగుతయి?"

"డాక్టర్లకు తెల్వదా?"

"నాకు తెల్వదా అన్నా? పద్దెనిమిదేండ్లు ఇనుముల బతికిన."

బాలరాజ్ ఆ గొంతుతో మాట్లాడితే మెషిన్ కూడా ఎదురు చెప్పదని యాదన్నకు తెలుసు. స్క్రాప్ డబ్బాలోంచి మంచి స్టెయిన్‌లెస్ ముక్క ఒకటి తీసిచ్చాడు. షిఫ్ట్ అయ్యాక బాలరాజ్ ఇనుమును తిప్పి చెక్కే లేత్ ముందు నిలబడ్డాడు. ఆయన కళ్ళ ముందు ఎక్స్‌రే లేదు. తండ్రి నర్సింహులు ఉన్నాడు. బాలరాజ్ నాలుగో తరగతిలో ఉండగా నర్సింహులు పొలం గట్టు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. దవాఖానలో పట్టి వేశారు. ఎముక వంకరగా అతికింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నర్సింహులు కుంటుతూనే కూలికి వెళ్ళాడు. బడిలో బాలరాజ్‌కు పేరు లేదు, 'కుంటోని కొడుకు' అనే పిలిచేవాళ్ళు. ఆ పట్టి గట్టిది కాకపోవడం వల్లే తన తండ్రి కాలు పోయిందని ఆ పిల్లవాడు నమ్మాడు. గట్టి వస్తువుల మీద ఆయనకు ప్రేమ అక్కడే మొదలైంది. చపాతీ కర్ర దగ్గర నుంచి స్టూలు దాకా అన్నీ ఆ నమ్మకంలోంచి వచ్చినవే.

రాడ్ తయారైంది. ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, మొహం చూసుకునేంత నునుపు. తుప్పు పట్టనివ్వని కాగితంలో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేశాడు.

మర్నాడు పొద్దున డాక్టర్ హరిచందన వార్డులో అందరినీ చూసుకుంటూ స్నిగ్ధ మంచం దగ్గరికి వచ్చేసరికి, బాలరాజ్ రెండు చేతులతో ఆ పొట్లం అందించాడు.

"ఏంటిది?"

"రాడ్ మేడం. ఎక్స్‌రేల కొలిచి చేసిన. పాలిష్ గూడ కొట్టిన. మీరు గరం నీళ్ళల్ల ఉడకబెట్టుకుంటే అయిపాయె."

చేతిలో మందుల పళ్ళెం పట్టుకున్న నర్సు అక్కడే నిలబడిపోయింది. రవళి తల దించుకుని నేలలో పగులు ఎక్కడైనా ఉంటే దూరిపోదామా అని చూసింది.

డాక్టర్ మాత్రం నవ్వలేదు. కాగితం విప్పి, రాడ్‌ను వెలుతురుకు తిప్పి తిప్పి చూసింది. "మీరే చేశారా? చాలా బాగా చేశారు," అంది. నిజంగానే అంది. బాలరాజ్ ఛాతీ అంగుళం పెరిగింది.

"కానీ ఇది పాపకు పెట్టలేనండీ. నిన్న చెప్పాను, మీరు వినలేదనుకుంటా." ఎక్స్‌రే తీసుకుని మోకాలి దగ్గర వేలు పెట్టింది. "ఈ సన్న గీత చూడండి. ఇది పగులు కాదు. కాలు పొడుగయ్యేది ఇక్కడి నుంచే. మీ రాడ్ దింపాలంటే ఈ గీతను తొలుచుకుంటూ వెళ్ళాలి. అప్పుడు ఈ కాలు పెరగడం ఆగిపోవచ్చు. కుడికాలు పెరుగుతుంది, ఇది పెరగదు. సన్నవైతే ఆ గీతకు కింద, పక్క నుంచి లోపలికి వెళ్తాయి. వంగుతాయి కాబట్టే వెళ్తాయి."

బాలరాజ్ ఏదో అనబోయాడు. అంతలో మంచం మీద నుంచి స్నిగ్ధ గొంతు వినిపించింది.

"డాడీ, నేనింక పెరగాలె గదా?"

"పెరుగుతవ్ బిడ్డా."

"మరి నీ రాడ్ పెరుగుతదా?"

పక్క మంచం మీద చెయ్యి విరిగిన ముసలాయన ముందు నవ్వాడు. తర్వాత నర్సు. ఆ తర్వాత వార్డంతా. ఎగతాళి నవ్వు కాదది, పిల్ల అడిగిన తీరుకు వచ్చిన నవ్వు. కానీ బాలరాజ్ చెవులు ఎర్రబడ్డాయి. రాడ్‌ను గబగబా కాగితంలో చుట్టేశాడు.

"రేపు ఆపరేషన్ వద్దు మేడం. వేరే దిక్కు సూపిచ్చుకుంటం," అని బయటికి నడిచాడు.

వరండా చివర, మంచినీళ్ళ కుళాయి దగ్గర రవళి ఆయన్ను పట్టుకుంది. వెనకాలే మల్లవ్వ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది.

"ఏడికి పోతవ్?"

"హైదరాబాద్‌ల పెద్ద దవాఖానకు. లావు రాడ్ ఏసేటోళ్ళు ఉంటరు."

"ఎన్ని రోజులైతది? గీలోపల బొక్క వంకరగ అతుకుతది. డాక్టరమ్మ జెప్పింది ఇన్నవా, లేదా?"

"నాకు ఇనుము గురించి ఒకరు జెప్పాల్నా?"

"గా లోపలున్నది ఇనుము కాదు, నా బిడ్డ!" రవళి అక్కడితో ఆగలేదు. "పెండ్లయినకాన్నుంచి నువ్వు చేసిందల్ల మోస్తున్న. చపాతీ కర్ర మోసిన, స్టూలు మోసిన, బట్టల స్టాండు మోసిన. నీ మొండితనం గూడ మోసిన. నవ్వుకుంటనే మోసిన. గిది మోయ. తల్లి సంతకం చాలని డాక్టరమ్మ అన్నది. నేను పోయి పెడ్త."

"అంటే నా మాటకు ఇలువ లేదా?"

"నీ మాట నిలవడాలె, బిడ్డ కాలు వంకర కావాలె. గంతేనా?"

ఆ మాట బాలరాజ్‌కు తగలరాని చోట తగిలింది. "వంకర కాలంటే ఏందో నాకు జెప్పకు! మా నాయినను నువ్వు సూడలే. ఉత్త పట్టి ఏసిండ్రు, అది ఆగలే. గట్టిది ఏసుంటే గాయన బతుకు గట్ల కాకపోవు. కుంటోని కొడుకని నన్ను పిలిచిండ్రు రవళీ, నన్ను! నా బిడ్డను గట్ల ఎవ్వడు పిలవొద్దు!"

ఆయన కళ్ళలో నీళ్ళు నిండాయి. పెళ్ళయి పద్నాలుగేళ్ళలో రవళి ఆ కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదలు.

మల్లవ్వ కుళాయి గట్టు మీద కూర్చుంది. "బాలా," అంది. "మీ నాయిన పట్టి ఆగకపోవుడు కాదురా."

"మరి?"

"ఆయనే కోసుకున్నడు."

బాలరాజ్ తల్లి వైపు తిరిగాడు.

"రెండు నెలలు కదలొద్దన్నరు దవాఖానల. ఇర్వై దినాలకు వరికోతలొచ్చినయి. ఇంట్ల కూసుంటే ఎట్లనే అని కొడవలి తీస్కోని పట్టి కోసిండు. వద్దని కాళ్ళ మీద పడ్డ. 'నా కాలు నాకు తెల్వదా?' అన్నడు. గదే కాలు తోని పొలంల దిగిండు. సాయంత్రానికి బొక్క వంకర పోయింది. దవాఖానోళ్ళు మంచిగనే ఏసిండ్రురా పట్టి. గాయన ఇనలే."

"గిన్నేండ్లు నాకెందుకు జెప్పలే అమ్మా?"

"ఎట్ల జెప్పాలె కొడుకా? నీకు మీ నాయిన అంటే పానం. నీ తండ్రి తన కాలు తనే కరాబ్ చేస్కున్నడని నీకు జెప్పాల్నా? డాక్టర్లను తిట్టుకుంటే తిట్టుకోనీ అనుకున్న. ఇయ్యాల నువ్వు గూడ గదే మాటన్నవ్. 'నాకు తెల్వదా' అని. గదే గొంతు, గట్లనే మెడ లేవట్టి. నాకు మీ నాయినే వచ్చి నిలవడ్డట్టయింది. ఇగ నోరు మూస్కుంటే నేను మనిషినే కాను."

బాలరాజ్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. చేతిలోని పొట్లం వంక చూశాడు. తన తండ్రిని కుంటివాణ్ణి చేసింది పట్టి కాదు, మొండిపట్టుదల. తను ఇన్నేళ్ళూ ఆ వంకర కాలికి భయపడి పారిపోతున్నానని అనుకుంటూ, తండ్రి మెడ బిరుసును మాత్రం భద్రంగా తెచ్చుకున్నాడు. ఇంకొక్క రోజు ఎవరూ ఆపకపోతే దాన్ని కూతురి కాలిమీద పెట్టేవాడు. తండ్రి మీద కోపం రాలేదు. కూలి పోతే పిల్లలకు గింజలుండవని ఆయన భయపడి ఉంటాడు. తన భయం తనది. భయపడ్డవాడికి చెవులు వినపడవు కాబోలు.

లేచి కుళాయి కింద మొహం కడుక్కున్నాడు. రవళి తన కొంగు అందించింది. ఆయన అందులోనే మొహం తుడుచుకుని, తిన్నగా వార్డులోకి నడిచాడు.

"మేడం, నిన్న మీరు జెప్పింది మల్లొకసారి జెప్తరా? ఈసారి ఇంట," అన్నాడు.

డాక్టర్ హరిచందన కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీకు మాటలతో చెబితే లాభం లేదు, చేసి చూపించాలి," అని అటూ ఇటూ చూసింది. పక్క మంచం ముసలాయన తాగి పెట్టిన కొబ్బరిబొండంలో లావాటి స్ట్రా ఉంది. దాన్ని కడిగి, కత్తెరతో మధ్యలో రెండు ముక్కలు చేసింది. "ఇది ఎముక. లోపలికి రెండు సన్న పుల్లలు కావాలి. వంగేవి."

వార్డులో పుల్లల కోసం వెతుకులాట మొదలైంది. అప్పుడు మల్లవ్వ, ఎవరి వైపూ చూడకుండా, బొడ్లో దోపుకున్న సంచిలోంచి రెండు చీపురు పుల్లలు తీసి మంచం మీద పెట్టింది.

"అమ్మా!" అంది డాక్టర్.

"పెట్టలే బిడ్డా, ఒట్టు. ఊకె దగ్గరుంచుకున్న."

డాక్టర్ నవ్వుతూనే పుల్లలు రెండూ విల్లుల్లా వంచి, ఒకదాని పొట్ట ఇటు, ఇంకోదాని పొట్ట అటు ఉండేలా రెండు ముక్కల్లోకీ దూర్చింది. తెగిన స్ట్రా నిటారుగా నిలబడింది. "ఇప్పుడు పక్కకు నెట్టి చూడండి."

బాలరాజ్ వేలితో నెట్టాడు. అది కాస్త వంగి, వేలు తీయగానే తిన్నగా అయింది. ఇటు నుంచి నెట్టాడు, అటు నుంచి నెట్టాడు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"అరే! ఒకటి ఇటు నూకుతున్నది, ఒకటి అటు నూకుతున్నది. నడుమ బొక్క ఏడికి పోదు! మేడం, ఇది స్ప్రింగ్ పని! గిది మాకు తెల్సిన పనే గదా!"

"అదే మీకు రెండు రోజుల నుంచి చెబుతున్నాను," అంది డాక్టర్. "ఇంకో మాట. నడిచేటప్పుడు లోపల ఎముక కొద్దిగా, కంటికి కనపడనంత కదలాలి. ఆ కదలికకే కొత్త ఎముక తొందరగా పుడుతుంది. మరీ బిగించేస్తే అది బద్ధకిస్తుంది."

బాలరాజ్ ఆ స్ట్రాను కూతురి చేతిలో పెట్టి మొత్తం మళ్ళీ వివరించాడు. తర్వాత పక్క మంచం ముసలాయనకు వివరించాడు. నర్సుకు కూడా చెప్పబోతే ఆమె, "నాకు తెలుసు సార్," అని తప్పించుకుంది. స్నిగ్ధ పడీ పడీ నవ్వింది. రేపు ఆపరేషనంటే నిన్నటి నుంచి దానికి లోలోపల వణుకుగా ఉంది. అంతకుముందు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు తండ్రి చెవిలో చెప్పింది. బాలరాజ్ దాని తల నిమిరి, "నాకు గూడ బిడ్డా," అన్నాడు.

సంతకాల కాగితం మీద రవళి అప్పటికే సంతకం పెట్టేసింది. బాలరాజ్ దాని పక్కనే, ఉన్న కాస్త చోటులో తన పేరు ఇరికించి రాశాడు.

"ఒకటి చాలండీ," అంది డాక్టర్.

"మీకు చాలు మేడం. నాకు చాలదు," అన్నాడు బాలరాజ్. రవళి మొహం పక్కకు తిప్పుకుంది. కానీ ఆమె నవ్వడం ఆయన చూడనే చూశాడు.

మర్నాడు పొద్దున ఆపరేషన్ గది తలుపు గంటసేపు మూసి ఉంది. ఆ గంటలో బాలరాజ్ ఎవరికీ ఏమీ వివరించలేదు. మల్లవ్వ ఊళ్ళో దేవుళ్ళందరికీ పేరుపేరునా మొక్కింది. తలుపు తీసుకుని వచ్చిన డాక్టర్ మూతి గుడ్డ కిందికి లాగి, "రెండూ చక్కగా కూర్చున్నాయి. కాలు నిటారుగా ఉంది," అంది. అప్పుడే తీసిన ఎక్స్‌రే చూపించింది. తెల్లటి ఎముక లోపల రెండు సన్నని గీతలు విడిపోయి, మళ్ళీ కలుసుకుంటున్నాయి. పైన, కాలు పెరిగే ఆ గీతను ముట్టుకున్న గుర్తు కూడా లేదు.

బాలరాజ్ దాన్ని చాలాసేపు చూశాడు. "ఇంత సన్న పని నాకు రాదు మేడం," అన్నాడు. టూల్ రూంలో ఆ మాట చెబితే ఎవరూ నమ్మరు.

స్నిగ్ధ ఇంటికి వచ్చాక ఆ ఏడో అంతస్తు జాతరలా తయారైంది. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, బడి స్నేహితులు, అందరికీ కాలు చూడాలి, అందరికీ స్ట్రా కథ వినాలి. చెప్పేవాడు బాలరాజే. ఆయన చేసిన లావు రాడ్ మాత్రం వంటింట్లో గరిటెలు తగిలించుకునే కడ్డీ అయింది. "ఇన్నేండ్లకు నీ చేతి పని ఒకటి అక్కరకొచ్చింది," అంది రవళి.

మొదటి వారాల్లో కాలు కింద మోపొద్దన్నారు. ఊతానికి వాకర్ కావాలంటే బాలరాజ్ తనే చేసుకొస్తానన్నాడు. ఆదివారం ఆయన తెచ్చిన వాకర్‌ను చూసి రవళి ముందు జాగ్రత్తగా నడుం బిగించి, రెండు చేతులతో ఎత్తబోయింది. అది ఆమె చేతుల్లో గాలిలోకి లేచిపోయింది. ఒక్క వేలితో ఎత్తొచ్చు. అల్యూమినియం గొట్టాలు, చేతులు పెట్టేచోట మెత్తటి రబ్బరు.

"ఇది గట్టిగుంటదా?" అంది అలవాటు కొద్దీ.

"గట్టిగున్నది. బరువు లేదు. రెండు వేరు వేరని ఇప్పుడే తెలిసింది," అన్నాడు బాలరాజ్. రవళి ఆ పూట ఆయనకిష్టమైన నాటుకోడి కూర వండింది.

ఏడు వారాలకు ఎక్స్‌రేలో విరిగిన చోట కొత్త ఎముక తెల్లటి ఉండలా కట్టి కనిపించింది. "మస్తు పట్టింది," అంది డాక్టర్ హరిచందన, వాళ్ళ మాటే అందుకుని. "ఇక వాకర్ వదిలేసి నడిపించండి. పూర్తిగా గట్టిపడ్డాక, వచ్చే ఏడాది ఆ కడ్డీలు తీసేద్దాం. అప్పటికి వాటి పని అయిపోతుంది."

మర్నాడు పొద్దున కాలనీలో ఏడో అంతస్తు వరండాలో జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. గుమ్మం దగ్గర స్నిగ్ధ. లిఫ్ట్ దగ్గర చేతులు చాపి బాలరాజ్. మధ్యలో ఇరవై అడుగులు.

మొదటి అడుగు వేసింది. ఎడమకాలు కొంచెం వెనకాడింది. రెండో అడుగు. మూడో అడుగుకు ఒళ్ళు కాస్త ఊగింది. బాలరాజ్ ముందుకు దూకబోయాడు. రవళి చెయ్యి వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకుంది. ఆయన ఆగిపోయాడు. నాలుగు, ఐదు, ఆరు. పిల్ల నడక కుదురుకుంది. కుంటడం లేదు. రెండు కాళ్ళూ ఒకేలా నేల మీద పడుతున్నాయి. స్నిగ్ధ తండ్రి చాపిన చేతుల దాకా వచ్చి, వాటి కింద నుంచి దూరి, తెరుచుకుని ఉన్న లిఫ్ట్‌లోకి వెళ్ళిపోయింది.

"స్నిగ్ధా!"

"కింద ఫ్రెండ్స్ ఉన్నరు డాడీ!" తలుపులు మూసుకున్నాయి.

బాలరాజ్ మెట్ల వైపు పరుగెత్తాడు. ఏడంతస్తులు, మలుపు మలుపుకూ గోడ పట్టుకుంటూ, చెప్పు ఒకటి నాలుగో అంతస్తులో వదిలేసి, ఎవరిదో పాలక్యాన్ దాటుకుని దిగాడు. కిందికి చేరేసరికి ఊపిరి అందడం లేదు. లిఫ్ట్ ముందు స్నిగ్ధ నిలబడి ఉంది. ఏ గోడనూ పట్టుకోలేదు.

"ఏంది డాడీ, నేనే ముందొచ్చిన!"

బాలరాజ్ చివరి మెట్టు మీద కూలబడ్డాడు. కూతురి కాళ్ళ వంక చూశాడు. రెండూ నిటారుగా, నేలను గట్టిగా తన్నిపెట్టి ఉన్నాయి. ఇన్నాళ్ళూ లోపల బిగబట్టిందంతా ఒక్కసారిగా వచ్చేసింది. నవ్వుతూనే ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు.

"పడ్తవనుకున్న బిడ్డా."

"పడలే గదా." స్నిగ్ధ ఆయన ముందుకు రెండడుగులు వేసి చెయ్యి చాపింది. "లే డాడీ. నన్ను పట్టుకో, ఏం గాదు."

ఆయన ఆ చిన్న చెయ్యి పట్టుకుని లేచాడు.